మూసే ముందు తాళాలివ్వండి

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ ఉందని తెలిసి మా భవానీపురంలో చాలామంది తల్లులు హమ్మయ్య అనుకున్నారు. అక్టోబరు 30న సర్వర్లు కూడా ఆగిపోయాయి. అప్పుడు మా వీధి కుర్రాడొకడు అన్న మాట నన్ను వదల్లేదు: "ఆటదేముంది అంకుల్, ఇంకోటి ఆడుకుంటాం. రోజూ రాత్రి మైకులో కలిసే బ్యాచ్ పోయింది." ఆ బ్యాచ్‌లో ఒకడిది జగ్గయ్యపేట, ఇంకొకడిది గుడివాడ వైపు. అసలు పేర్లు తెలియవు, గేములో పెట్టుకున్న పేర్లే.

2021 జులై 2న అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తిరిగొచ్చింది. పాత ఖాతాలోని డ్రెస్సులూ తుపాకీ రంగులూ కొత్త దాంట్లోకి తెచ్చుకోనిచ్చారు. సామాను భద్రంగా చేరింది. చెదిరిపోయిన మనుషుల్ని మాత్రం ఎవరికి వారే వెతుక్కోవాల్సి వచ్చింది.

కృష్ణ ఒడ్డువాళ్లకి ఈ తేడా కొత్తదేమీ కాదు. నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగిపోతుందని నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదికి చేర్చి, మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడా కొండ దీవి, దాని మీద మ్యూజియం. గొప్ప పనే, కాదనను. అయితే రాయిని విప్పి మళ్లీ పేర్చవచ్చు గానీ, లోయలో ఎవరింటి పక్కన ఎవరుండేవారో, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో ఆ అమరికను పేర్చడం ఏ ఇంజనీరు వల్లా కాదు.

ఆన్‌లైన్ లోకాన్ని కాపాడటం అంటే దేన్ని కాపాడటం? సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట కథ తెలిసినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను తొలుస్తోంది. కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ ఆ ఆటను ఆపేస్తున్నామని 2012 ఆగస్టు 31న ప్రకటించి, నవంబరు 30న ఆపేసింది. ఈలోగా ఆటగాళ్లు అర్జీలు పెట్టారు. ఆటలోనే ఉన్న అట్లాస్ పార్కులో తమ పాత్రల చేతికి దివిటీలిచ్చి గుంపులుగా నిలబెట్టారు. కంపెనీ మనసు మారలేదు.

2019 ఏప్రిల్‌లో గుట్టు బయటపడింది. సర్వర్ కోడు కొందరి దగ్గర ఉందట, ఏళ్ల తరబడి వాళ్లలో వాళ్లే ఆడుకుంటున్నారట! మిగతావాళ్లకి ఒళ్లు మండిందంటే మండదూ మరి? దాచినవాళ్లు కంపెనీ కేసు పెడుతుందని భయపడ్డారనుకోండి. వాళ్లు దాచకపోతే కోడే మిగిలేది కాదేమో, అదీ నిజమే. అయినా నా లెక్కలో, తలుపులు వేసుకుని ఆడినన్నాళ్లూ వాళ్లు కాపాడింది ఆటనే, ఊరిని కాదు. కోడు పదిమంది చేతికీ వచ్చాక హోమ్‌కమింగ్ అనే సర్వర్ లేచింది, పాతవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఊరు మళ్లీ ఊరయింది అప్పుడే. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ ఆ హోమ్‌కమింగ్‌కి లైసెన్సు కూడా ఇచ్చింది. ఆ కాగితమేదో 2012లోనే ఇచ్చి ఉంటే దొంగచాటు వ్యవహారమే ఉండేది కాదు.

సర్వర్ మాది, కరెంటు బిల్లు మాది అంటుంది కంపెనీ. ఒప్పుకుంటాను. నష్టానికి నడపమని ఎవరూ అడగకూడదు. కానీ అక్కడ కుదిరిన స్నేహాలకి కంపెనీ పెట్టుబడి పెట్టలేదు. కాబట్టి తాను నడపలేనప్పుడు నడుపుకోగలవాళ్లకి తాళాలిచ్చి పోవడం న్యాయం. యూరప్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం అడుగుతున్నదీ ఇంచుమించు ఇదే: అమ్మిన ఆటను, మీరు వదిలేశాక కూడా ఆడుకునే స్థితిలో ఉంచండి అని. 2024లో మొదలైన ఆ ఉద్యమం పిటిషన్‌కి 2025 జులైకల్లా పది లక్షలు దాటి సంతకాలు పడ్డాయి.

చట్టం ఎప్పుడొస్తుందో, వచ్చినా భవానీపురం దాకా ఎప్పటికి చేరుతుందో! ఈలోగా కుర్రాళ్లకి ఒక్కమాట: బ్యాచ్‌లో మీకు నమ్మకమున్నవాళ్ల అసలు పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి.