మానెడు నెయ్యి

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. నలుగురు కొడుకులున్న తల్లి పస్తుండడం మనం చూడనిదా? పెద్దవాడు పెట్టుంటాడని రెండోవాడూ, చిన్నకోడలు చూసుకుంటుందని పెద్దకోడలూ అనుకుంటూండగానే పొద్దుగూకిపోతుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడొకడుంటే వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

పాత గుళ్ళ సంగతీ అంతేననిపిస్తుంది నాకు. మా ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడినే తీసుకోండి. చాళుక్య భీముడు కట్టించాడంటారు. అంటే వెయ్యేళ్ళ పైమాట. పంచారామాల్లో ఒకటి, మాణిక్యాంబ అమ్మవారి శక్తిపీఠం. స్వామి రెండంతస్తుల ఎత్తున ఉంటాడు. కింద ఒకసారి దణ్ణం పెట్టుకుని, మెట్లెక్కి పైన మళ్ళీ పెట్టుకోవాలి. ఇంతటి స్వామికి ఈనాడు ఎంతమంది పెద్దలో చూడండి. గోడా, స్తంభమూ, కప్పూ కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నాయి. పూజా, హుండీ, ప్రసాదం రాష్ట్ర దేవాదాయ శాఖవి. బయట వీధీ, మురుగు కాలవా పంచాయతీవి. కార్తీకమాసం వస్తే అయిదు ఆరామాలూ తిప్పి చూపించే బస్సులు ఆర్టీసీవి. భక్తి మాత్రం మనది. రేపెప్పుడో వానకి కప్పు కారిందనుకోండి. కప్పు ఒకరిది, తడిసేది ఇంకొకరి పూజ, ఆ నీళ్ళు పోవలసిన కాలవ మూడోవారిది!

ఇలాంటప్పుడే సభల్లో పెద్దలు “అన్ని సంస్థలూ కలిసి పనిచెయ్యాలి” అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. పెళ్ళివారింట్లో “అందరం కలిసి వంట చేసేద్దాం” అన్నట్టుంటుంది. ఉప్పెవరు వేస్తారో తేలకపోతే పులుసులో ఉప్పు రెండుసార్లైనా పడుతుంది, అసలే పడకుండానైనా పోతుంది.

తమాషా ఏమిటంటే, ఉప్పెవరు వెయ్యాలో ఆ గుడి రాళ్ళమీదే రాసి ఉంది. ద్రాక్షారామంలో మూడు వందలకు పైగా శాసనాలున్నాయి. 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వాటిని చూడొచ్చు. రాళ్ళనిండా రాజుల గొప్పలే ఉంటాయనుకుంటాం. కాదండీ. చాలావాటిలో ఉన్నది దీపం లెక్క. ఒకరు అఖండ దీపానికని తరచు యాభై గొర్రెలిస్తారు. ఆ మందని ఫలానా బోయ తీసుకుంటాడు. అతని పేరు రాయిమీద ఉంటుంది. అతనూ, అతని కొడుకులూ, మనుమలూ రోజూ మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. ఇచ్చినావిడ గొర్రెలు కాయదు. కాసేవాడు ఒత్తి వెయ్యడు. ఒత్తి వేసేవారు గొర్రెల్ని అమ్ముకోలేరు. నెయ్యి రాని రోజున ఎవరి గుమ్మం ముందు నిలబడాలో ఊరందరికీ తెలుసు. “అందరిదీ బాధ్యత” అని రాసి ఊరుకుని ఉంటే ఆ దీపం మర్నాడే కొండెక్కేది.

ధర్మం చెరిపినవాడికి గంగ ఒడ్డున కపిలగోవుని చంపిన పాపం చుట్టుకుంటుందని మన శాసనాల్లో శాపం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే ఇప్పటి చట్టం రెండేళ్ళ దాకా జైలో, లక్ష రూపాయల దాకా జుల్మానానో, రెండూనో అంటుంది. మనం దేనికి ఎక్కువ భయపడతామో మీరే చెప్పండి.

“ఇచ్చినావిడ” అని ఊరికే అనలేదు. ఆ దాతల్లో ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. రాణులూ, మంత్రుల భార్యలూ, వర్తకుల ఇళ్ళవాళ్ళూ, గుడిలో ఆడి పాడినవాళ్ళూ. చరిత్ర పుస్తకంలో చోటు దక్కనివాళ్ళకి స్తంభం మీద నాలుగు పంక్తులు దక్కాయి. నా ధర్మసందేహం ఆ పంక్తుల దగ్గరే మొదలైంది.

పాత గుడికి వెడితే కనబడ్డ రాయికల్లా పసుపూ కుంకుమా పెట్టడం మా అత్తయ్యగారికి అలవాటు. ఓ కార్తీక సోమవారం ద్రాక్షారామంలో ఒక స్తంభం మొదట్లో ప్రమిద పెట్టబోతూంటే, “అత్తయ్యగారూ, దానిమీద అక్షరాలున్నాయండీ. జిడ్డూ మసీ పట్టేస్తే ఇంకేం కనబడవు” అన్నాను.

“దీపం పెట్టకూడనిది గుడెలా అవుతుందే? మ్యూజియం అని బోర్డు కట్టుకోమను” అన్నారావిడ.

ఆ మాట కొట్టెయ్యలేం. చట్టం కూడా ఆవిడ పక్షానే కొంత మొగ్గుతుంది. పూజాస్థలాన్ని దాని స్వభావానికి తగని పనికి వాడకూడదని 1958 నాటి చట్టంలోనే ఉంది. కాని నేనడిగేది వేరు. ఈవేళ నేను పెట్టే దీపం, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇంకో ఇల్లాలు రాయించుకున్న దీపాన్ని మసిచేసేస్తే, ఎవరి భక్తి ఎవరికి అడ్డం? ఆవిడ వచ్చి నాతో పోట్లాడలేదు. రాబోయే మునిమనవరాలూ ఇప్పుడే వచ్చి అడగలేదు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు “కాస్త పక్కన పెట్టండమ్మా” అనాలి. ఆ మాట యూనిఫారం వేసుకున్న కాపలాదారు అంటే మనకి కోపం. అదే పూజారిగారంటే, చెంపలేసుకుని మరీ జరుగుతాం. రాయి సంగతి తెలిసినవారు పురావస్తువారు, మన సంగతి తెలిసినవారు పూజారిగారు. వారిద్దరూ కార్తీకానికి ముందు ఓ పూట కూర్చుని మాట్లాడుకుంటే ఎంత ఖర్చవుతుంది?

ఇంకో సందేహం ఇంతకన్నా చేదు. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు. ఆ తరవాత మరో 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలి. మరమ్మతుకీ అనుమతే. మంచి చట్టమే. లేకపోతే మేడల మధ్య గోపురాన్ని వెతుక్కోవలసొచ్చేది. కాని గుడి వీధిలో చిన్న పెంకుటిల్లున్న సంసారి, కొడుక్కి పెళ్ళిచేసి, పైన ఓ గది వేసుకుందామనుకుంటే? గుడి అందం దేశానికంతకీ, ఇరుకు ఆ కొత్తకోడలికీనా? యాత్రకొచ్చి వెళ్ళిపోయే మనకి ఇది తట్టదు. అర్జీ ఎక్కడివ్వాలో, దేనికి అనుమతుందో, దేనికి లేదో పంచాయతీ ఆఫీసు గోడమీద తేటతెలుగులో రాసిపెడితే ఆ ఇంటివాళ్ళకి తిరుగుడన్నా తప్పుతుంది. ఊరివాళ్ళకి గుడిమీద కోపం వచ్చాక ఏ శాఖ మాత్రం ఏం కాపాడుతుంది?

ఇదంతా జరగనిపనేం కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో నిలబెట్టారు. పాలంపేట రామప్ప గుడికి 2021లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందంటే, వెనక పురావస్తు శాఖతోపాటు రాష్ట్ర ప్రభుత్వమూ, కాకతీయ హెరిటేజ్ ట్రస్టూ పడ్డ పాటుంది.

అంత పెద్ద పనులు మనవల్ల కావు, నిజమే. ఆ కార్తీక సోమవారం నా పోరు పడలేక అత్తయ్యగారు ప్రమిద పక్కకి జరిపి, “సరే, ఆ మహాతల్లి పేరేమిటో చదువు మరి, తలుచుకుంటాను” అన్నారు. చదవబోయాను. ఎక్కడో ఒకటీ అరా అక్షరం తప్ప పాత లిపి పట్టుబడలేదు. చదవగలిగినవారు మైసూరులో పురావస్తు శాఖ శాసన విభాగంలో ఉన్నారు. ఆ నాలుగు పంక్తులూ ఇప్పటి తెలుగులో చిన్న పలకమీద రాయించి పక్కన నిలబెడితే, పేరు తెలిసిన మనిషి మీద ఏ ఇల్లాలూ నూనె ఒలకబొయ్యదు. పలక ఖర్చు మా వీధి ఆడవాళ్ళం పదిమందిమీ వేసుకుంటామన్నాం. పాఠం పురావస్తువారివ్వాలి, చోటు దేవాదాయంవారితో కలిసి చూపించాలి.

అర్జీ రాయడానికి కూర్చుని, “మహారాజశ్రీ” అని రాసి, ఎవరిగారికని రాయాలో తెలియక ఆగాను. అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, “ఇద్దరికీ రాయవే. నకలు పంచాయతీకి పడెయ్యి” అన్నారు.