బాడుగిల్లు, బడి

నాకు విడపనకల్లుకు బదిలీ అయింది. ఉరవకొండలో కాపురం పెట్టి పిల్లోళ్లను కాన్వెంటులో వెయ్యమన్నారు తోటి అయ్యవార్లు. "నిన్ను చదివించింది వాళ్లను మళ్లా సర్కారు బడికి పంపనీకేనా నాయనా?" అంది మాయమ్మ. కరువుకు బెంగళూరు పోయి మట్టి మోసి నన్ను చదివించిన మనిషి. ఆ మాట తీసిపారెయ్యలేను.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను అజ్ఞానపు గుహ అన్నాడు అంబేడ్కర్. నిజమే. మరి టౌను? బాడుగిల్లు అడిగితే "మీరేమిటోళ్లు సార్?" అన్నారు. చెప్తే ఇల్లు లేదు. దాస్తే పిల్లోళ్లూ దాచుకుని బతకాల. ఆ ఫీజు ఏ కాన్వెంటు రశీదులోనూ రాయరు.

ఉత్తరప్రదేశ్‌లో సర్కారు ఉద్యోగుల పిల్లలు సర్కారు బడుల్లోనే చదవాలని 2015లో అలహాబాదు హైకోర్టు చెప్పింది. న్యాయమే. కానీ తరతరాలుగా చదువుకున్నోళ్ల బిడ్డలు కాన్వెంటుకు పోతుంటే, త్యాగం మొదటితరం దళితుని బిడ్డతోనే మొదలుకావాల్నా?

అందుకే త్యాగమని పంపడంలేదు, హక్కని పంపుతున్నా. విడపనకల్లులో మావాళ్ల వాడలోనే ఉంటాం, కులం దాచకుండా. బడిలో నీళ్లు లేకపోయినా, అయ్యవారు రాకపోయినా నేను అయ్యవారిగా కాదు, తండ్రిగా అడుగుతా. కూలికిపోయే తల్లులూ నా పక్కన నిలబడి అడుగుతారు. చదువుకున్న మనమంతా ఒక్కొక్కరే తప్పించుకుపోతే ఆ తల్లుల పక్కన ఎవరు నిలబడాల?

మాయమ్మకు నా జవాబొకటే. ఆ బడి నా బిడ్డకు చాలదంటే, వాడలో ఏ బిడ్డకూ చాలదు.