అడ్డుపడే చోటు

తూటా అడుగున, సరిగ్గా నడిమధ్యలో, గుండ్రటి చిన్న లోహపు టోపీ ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ప్రైమర్ అంటారు. తుపాకీలోని సూది దాని మీద కొట్టగానే లోపలి పేలుడు పూత నిప్పు చిమ్ముతుంది. ఆ నిప్పు ఇత్తడి కేసులోని అసలు మందుకు అంటుకుంటుంది, గుండు బయల్దేరుతుంది. దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో పెట్టి పేల్చే రీలు మీది చుక్క లాంటిదే ఇదీ. పిస్టల్ తూటాలకు ఈ ప్రైమర్లు రెండు సైజుల్లో వస్తాయి. చిన్నది అడ్డంగా 4.45 మిల్లీమీటర్లు, పెద్దది 5.33. రెండింటికీ తేడా మిల్లీమీటరు కూడా లేదు. 9 ఎం.ఎం. తూటాకు చిన్నది, .44 మాగ్నమ్‌కు పెద్దది.

ఆ మిల్లీమీటరు లోపు తేడా కోసం ఒక యంత్రం మొత్తం ఆగిపోవడం చూశాక మనసులో పడ్డ ప్రశ్నలు నన్ను ఇంకా వదల్లేదు.

కాల్చేసిన ఇత్తడి కేసులను ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, మళ్ళీ తూటాలుగా కట్టుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు. సొంత వాడకానికైతే అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద తూటా తయారీకి లైసెన్సు ఉండి తీరాలి కనుక ఈ పని మన ఇళ్ళలో కనిపించదు. నేను చూసింది డాలస్ దగ్గర, మా పిన్ని కొడుకు గ్యారేజీలో. వారాంతాల్లో కాగితపు గుర్తుల మీద, ఇనప రేకుల మీద కాల్చే పోటీలకు వెళ్తుంటాడు. దుకాణంలో తూటాలు కొనడం కంటే చేసుకుంటే చవక అని మొదలుపెట్టాడట. ఇప్పుడు కాల్చడం కంటే కట్టడమే ఇష్టంగా ఉందన్నాడు.

ఆ యంత్రాన్ని ప్రోగ్రెసివ్ ప్రెస్ అంటారు. అరిజోనాలోని డిల్లన్ కంపెనీ చేసే 550 మోడల్ వీటిలో బాగా పేరున్నది, వాడి దగ్గరున్నదీ అదే. గుండ్రటి పళ్ళెంలో నాలుగు గళ్ళు ఉంటాయి. మొదటి దాంట్లో పాత ప్రైమర్ ఊడిపోయి కేసు మళ్ళీ కొలతకు వస్తుంది. రెండో దాంట్లో మందు పడుతుంది, మూడో దాంట్లో గుండు కూర్చుంటుంది, నాలుగో దాంట్లో మూతి బిగుస్తుంది. హ్యాండిల్ ఒక్కసారి కిందికి లాగితే నాలుగు కేసుల మీద నాలుగు పనులూ ఒకేసారి అయిపోతాయి. అలవాటు పడ్డ చెయ్యి గంటకు కొన్ని వందల తూటాలు దింపుతుంది.

నాలుగు పనులు ఒక లాగుడులో కలిసినప్పుడు చేతికి తెలిసేది మొత్తం బరువు ఒక్కటే. ఏ గడిలో ఏది బిగుసుకుంటోందో, ఏది పక్కకు ఒరిగిందో చెయ్యి విడదీసి చెప్పలేదు. వేగం కోసం మనం చెల్లించే ధర ఇదేనేమో. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వాల్లో కూడా పనులను ఇలాగే ఒక పిడికిట్లోకి తెస్తాం. ఎక్కడో ఒక మూల ఏదో మొరాయిస్తుంది. ఆ మొర మొత్తం బరువులో కలిసిపోతుంది. అది వినబడేలోపు ఇంకో వంద దిగిపోతాయి.

కానీ ఈ యంత్రంలో ఒక పనిని మాత్రం ఆ కలగలుపులోకి రానివ్వలేదు. కొత్త ప్రైమర్ కూర్చోబెట్టడం కిందికి లాగినప్పుడు జరగదు. హ్యాండిల్ పైకి తిరిగొచ్చాక, ఆఖర్న దాన్ని ముందుకు నెట్టినప్పుడు, ఆ ఒక్క పనే జరుగుతుంది. మా తమ్ముడు నా చెయ్యి హ్యాండిల్ మీద పెట్టించి నెట్టమన్నాడు. మొదట ఏమీ తెలియదు. తర్వాత సన్నటి ఒరిపిడి, ఆ వెంటనే మెత్తగా అడుగు తగిలినట్టు ఒక ఆగుడు. “అదే అన్నయ్యా, కూర్చుంది. ఇంకా నెట్టకు,” అన్నాడు. తర్వాత ఆ కేసు తీసి, దాని అడుగును నా బొటనవేలితో తడమమన్నాడు. ప్రైమర్ అంచు కేసు అడుగు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి తేలి ఉంటే తుపాకీ పేలకపోవచ్చు, కొన్ని తుపాకుల్లో పేలకూడని క్షణంలో పేలనూవచ్చు. కంటికి దొరకని ఆ తేడా వేలికి దొరుకుతుంది.

ఇక సైజు మార్చడం. పెద్ద ప్రైమర్ తూటాలు అయ్యాక చిన్నవి చేయాలంటే ముందు ప్రైమర్లు నింపే గొట్టంలో మిగిలినవన్నీ ఖాళీ చేయాలి. వంద దాకా ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి ఆ గొట్టంలో. ఒకటి పేలితే మిగతావీ అందుకుంటాయనే భయంతోనే దాని చుట్టూ దళసరి ఇనప తొడుగు పెడతారు, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి వెళ్ళరు. ఆ గొట్టం తీసి వేరేది పెట్టాలి. ప్రైమర్‌ను మోసుకొచ్చే చిన్న గిన్నె, దాన్ని కింది నుంచి తోసే పుల్ల, అవి అమర్చిన జారుడు పట్టీ, అన్నీ మార్చాలి. అలెన్ కీతో మరలు బిగించి, గిన్నె నోరు కేసు గుంటకు సూటిగా ఉందో లేదో వంగి చూసుకోవాలి. బల్ల మీద పాత సైజు ప్రైమర్ ఒక్కటి కూడా మిగలకూడదు. ఇదంతా విసుగు పని. డబ్బున్నవాళ్ళు సైజుకో ప్రెస్ కొనేసుకుంటారు, ఆగాల్సిన అవసరమే లేకుండా.

ఇంత చేశాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 తూటాను అమెరికా సైన్యం 1911లో పిస్టల్‌తో పాటు స్వీకరించింది. దానికి ఎన్నో దశాబ్దాల పాటు పెద్ద ప్రైమరే వాడారు. ప్రైమర్ పూతలో సీసం ఉంటుంది. నాలుగు గోడల మధ్య కాల్చే రేంజిల్లో ఆ సీసపు పొగ రోజూ పీల్చేవాళ్ళ గురించి ఆందోళన మొదలయ్యాక కొన్ని కంపెనీలు సీసం లేని ప్రైమర్లు తెచ్చాయి. వాటితో పాటు చిన్న గుంట ఉన్న .45 కేసులు వచ్చాయి. పక్క నుంచి చూస్తే పాతవాటికీ వీటికీ ఏ తేడా లేదు. నేల మీద నుంచి ఏరుకున్న గుప్పెడులో రెండూ కలిసే ఉంటాయి. తూటాలు కట్టేవాళ్ళకు ఇవంటే మహా చిరాకు. నాకు ఆ చిరాకు పట్టలేదు. రేంజి ఊడ్చే మనిషి ఊపిరి గురించి ఎవరో ఆలోచించినందుకే ఆ గుంట చిన్నదైంది.

పెద్ద ప్రైమర్లకు సిద్ధం చేసిన ప్రెస్‌లోకి చిన్న గుంట కేసు వస్తే హ్యాండిల్ ముందుకు పోదు. అక్కడ చెయ్యి ఆగాలి. బలంగా నెడితే ప్రైమర్ నలుగుతుంది, పేలనూవచ్చు. అదే చిన్న ప్రైమర్లకు సిద్ధం చేసిన ప్రెస్‌లోకి పెద్ద గుంట కేసు వస్తే ఏ అడ్డూ ఉండదు. ప్రైమర్ వదులుగా జారిపోతుంది, హ్యాండిల్ హాయిగా చివరిదాకా వెళ్తుంది. చెయ్యికి అంతా సవ్యంగానే ఉన్నట్టు ఉంటుంది. ఈ రెండు పొరపాట్లలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండోది. మొదటిది మనతో వాదిస్తుంది. రెండోది మనల్ని సాగనంపుతుంది. మనిషి చేసిన పెద్ద తప్పులు ఏ కోవకు చెందుతాయి? ఎవరో గట్టిగా అడ్డం పడినా తోసుకుంటూ వెళ్ళినవా, లేక దారి నున్నగా ఉన్నందువల్ల వెళ్ళిపోయినవా?

అడ్డు తీసి దారి నున్నగా చేయడం అనుకోగానే అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లాండ్ మతగురువు జ్ఞాపకం వస్తాడు. అబర్డీన్‌షైర్‌లో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి ఆయనది, వేట ఆయనకు ఇష్టం. అప్పటి చెకుముకి తుపాకీలో ముందు బయటి పళ్ళెంలోని మందు భగ్గున మండేది, ఆ తర్వాత లోపలి మందు అంటుకునేది. ఆ రెంటి మధ్య రెప్పపాటు వ్యవధి. మంట చూసిన పక్షి గుండు వచ్చేలోపు ఎగిరిపోయేది. ఆ వ్యవధిని తీసేయడానికి ఆయన పూనుకున్నాడు. కొడితే పేలే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాన్నుంచే తర్వాత కొడితే పేలే టోపీలు వచ్చాయి, టోపీల నుంచి ప్రైమర్లు. 1857లో మన సిపాయిల మధ్య గొడవ రేపిన ఎన్‌ఫీల్డ్ తుపాకీని పేల్చిందీ ఆ టోపీయే. అమెరికా అంతర్యుద్ధంలో లక్షల మంది చేతుల్లో ఉన్నవీ టోపీ తుపాకులే. ఫోర్సైత్ దుర్మార్గుడు కాడు. ఒక తెలివైన మనిషి తన సరదాలో ఉన్న ఒక అడ్డును తొలగించుకున్నాడు, అంతే. కానీ ఆ రెప్పపాటు పక్షికి ప్రాణమని ఆయనకు తట్టిందా? పనిముట్టులోని ఆలస్యం, దాన్ని వాడేవాడికి లోపంగా కనబడుతుంది. అవతలివైపున్న ప్రాణికి అదే ఆఖరి అవకాశం.

అవతలివైపు ఎవరు ఉంటారన్నది తుపాకీ విషయంలో మనం అనుకునేంత తేలిక కాదు. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి మించి ఆత్మహత్యలు. అంటే ఎక్కువసార్లు ఇవతలివైపూ అవతలివైపూ ఉన్నది ఒకే మనిషి. ఆ మనిషికీ ఒక రెప్పపాటు కావాలి. బ్రిటన్‌లో 1960లలో వంటింటి బొగ్గు గ్యాసు ప్రాణాంతకంగా ఉండేది. దాని స్థానంలో విషం లేని సహజవాయువు వచ్చేసరికి దేశంలో మొత్తం ఆత్మహత్యలు దాదాపు మూడోవంతు తగ్గాయి. అందరూ వేరే దారి వెతుక్కోలేదు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. చావు అంచు దాకా వెళ్ళి బతికినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఆ దారి పట్టరు. అంటే ఆ నిశ్చయం బయటికి కనిపించినంత గట్టిది కాదు. అది ఒక గంటది, ఒక రాత్రిది. ఆ గంటకు అడ్డుపడేది ఏదో ఒకటి ఉంటే మనిషి తెల్లారి కాఫీ తాగుతాడు.

అయితే అడ్డు పెట్టే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా దాటలేను. నీ మంచి కోసమే అంటూ అడ్డం పడ్డవాళ్ళ వల్ల మన ఇళ్ళలో ఎన్ని చదువులు ఆగాయి, ఎన్ని పెళ్ళిళ్ళు ఆగాయి! మనిషి దారికి అడ్డం పడటంలో ఎప్పుడూ ఒక పెత్తనం పొంచి ఉంటుంది. స్వేచ్ఛను ప్రేమించేవాడు ప్రతి అడ్డునూ అనుమానించాల్సిందే. కానీ ఆ గ్యారేజీలో నేను చూసిన ఆగుడు ఎవరో మా తమ్ముడి మీద రుద్దింది కాదు. మొరాయించినప్పుడు నెట్టకూడదని వాడికి వాడే నియమం పెట్టుకున్నాడు. మంచి అడ్డు మనిషి నిర్ణయాన్ని లాక్కోదు, అది నిజంగా తన నిర్ణయమేనా అని చూసుకునే వ్యవధి ఇస్తుంది. పెత్తనం చేసే అడ్డు ఆ వ్యవధి కూడా ఇవ్వదు, జవాబు ముందే చెప్పేస్తుంది. రెండింటి మధ్య గీత నాకు అన్నిచోట్లా స్పష్టంగా కనబడుతుందని చెప్పను. కొన్నిచోట్ల మాత్రం కనబడుతుంది.

అలాంటి చోటు ఒకటి అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం. అక్కడ 2009లో ఒకే వారంలో ముగ్గురు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఒకే దుకాణంలో తుపాకులు కొని కొద్ది గంటల్లోనే ప్రాణం తీసుకున్నారు. ఆ తర్వాత అక్కడి తుపాకీ దుకాణదారులూ ప్రజారోగ్య కార్యకర్తలూ కలిసి కూర్చున్నారు. కొనడానికి వచ్చిన మనిషి తీరులో ఏం గమనించాలో, ఎప్పుడు అమ్మకం ఆపాలో రాసుకున్నారు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేకపోతే తుపాకీని కొన్నాళ్ళు బయట ఎక్కడైనా పెట్టించండని కరపత్రాలు వేసి కౌంటరు మీద ఉంచారు. తుపాకులంటే ఇష్టపడేవాళ్ళే, అమ్ముకుని బతికేవాళ్ళే ఈ పనికి పూనుకున్నారు. ఆ వ్యాపారం లోపలి మనిషి అడిగితే కొనేవాడు వింటాడు. బయటివాడు అడిగితే తగువే.

ఆ దుకాణదారుల సంగతి చదివినప్పుడు నా ఆలోచన మన ఊళ్ళ మీదికే పోయింది. తెలుగు పల్లెల్లో తుపాకీ లేదు, పురుగుమందు డబ్బా ఉంది. అది అమ్మే దుకాణదారుకు రైతు ముఖం తెలుసు, పంట పోయిందని తెలుసు, ఆ ఇంట్లో గొడవలూ తెలుసు. వేళకాని వేళ ఒంటరిగా వచ్చి డబ్బా అడిగిన మనిషిని “ఏమైంది, కాసేపు కూర్చో” అనడానికి ఆయన కంటే తగినవాడు ఊళ్ళో లేడు. కానీ చాలాచోట్ల విత్తనం, ఎరువు, మందు అప్పుమీద ఇచ్చేదీ ఆయనే. ఆ రైతును కుంగదీసిన బాకీలో ఒక భాగం ఆయన పుస్తకంలోనే ఉంటుంది. బాకీ ఉన్నవాడు ఎదురుగా నిలబడితే అప్పిచ్చినవాడు ఆ మాట ఏ గొంతుతో అడుగుతాడు? ఆయన అడగలేకపోతే ఆ ఊళ్ళో ఇంకెవరు అడగాలి?