కల్లం కాపలా

ప్రత్తిపాడు దగ్గర ఒక మిరప కల్లం. మార్చి నెల రాత్రి. పగలంతా ఎండిన తేజ కాయల మీద మంచు పడకుండా టార్పాలిన్ పట్టలు కప్పి ఉన్నాయి. కాపలాకు వచ్చిన తాత ఒక మంచం మీద, ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి ఊరొచ్చిన మనవరాలు పక్క మంచం మీద. ఒంటిగంట దాటింది. పిల్ల ముఖం మీద ఇంకా ఫోన్ వెలుగు.

"నిద్ర రావట్లేదా అమ్మా?"

"వస్తోంది తాతయ్యా. ఇదొక్కటి చూసి పడుకుంటా."

పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు పడుతుంది. రీల్స్‌కి అడుగు తగలదు. వేలితో తోసేకొద్దీ కొత్తది వచ్చే ఈ పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ రూపొందించారు, తర్వాత ఆయనే అందుకు బాధపడ్డారు. రోజుకు 3 గంటలు దాటి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు దిగులు, ఆందోళన ముప్పు రెట్టింపని 2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించారు. చూసి దిగులు పడతారా, దిగులుండి చూస్తారా అన్నది ఇంకా తేలని చిక్కు. నిద్రకు అంత చిక్కు లేదు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఒంటిగంటకు ఫోన్ చేతిలో ఉంటే అందులో ఎంత మిగులుతుంది?

"ఆస్ట్రేలియాలో పదహారేళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేశారంట. మన దగ్గరా ఆలోచిస్తున్నామని మంత్రి లోకేశ్ దావోస్‌లో చెప్పాడంట. మంచిదేగా?"

"నాకు పదిహేడు తాతయ్యా! అయినా, నల్ల తామరపురుగు వచ్చిన ఏడు నువ్వు ఎన్నిసార్లు మందు కొట్టావు? తగ్గిందా?"

తాత మాట్లాడలేదు. 2021లో గుంటూరు, ప్రకాశం చేలల్లో పూత మీద పడ్డ పురుగది. మందు మీద మందు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి, అది మిగిలింది. నిషేధమూ ఆ మందులాంటిదేనన్న పిల్ల పోలిక గట్టిదే, కానీ పూర్తిగా అతకదు. 2025 డిసెంబరు 10 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా చట్టంలో జరిమానా కంపెనీలకే, పిల్లలకు కాదు. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను వెంటాడి గమనించడం, గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదంటుంది. పదిహేడేళ్ల ఈ పిల్ల కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

"మందు పనిచెయ్యకపోతే నీలం జిగురట్టలు కట్టాం. ఆ రంగుకి పురుగు తానే వచ్చి అతుక్కునేది. ఉచ్చని దానికేం తెలుసు?"

"నాకు తెలుసు తాతయ్యా. తెలిసే అతుక్కుంటున్నా."

ఇళ్లలో, కాలేజీల్లో పెద్దలు చెప్పేదంతా పిల్లలకు తెలియదనే నమ్మకం మీద సాగుతోంది. తెలిసిన మనిషికి మళ్లీ తెలియజెప్పడం వైద్యం కాదు.

తాత దిండు కింద నుంచి తన ఫోన్ తీశాడు. "నేనూ రాత్రి రెండుసార్లు లేచి వాట్సాప్‌లో యార్డు రేటు చూస్తా. తెల్లారేదాకా మారదని తెలిసి కూడా. కల్లానికి ఒక్కడే కాపలా అయితే కునుకు పడుతుందని ఇద్దరం ఉంటాం గదా. దీనికీ అట్టా చేద్దామా? నీది నా దగ్గర, నాది నీ దగ్గర."

పిల్ల కాసేపు ఆలోచించింది.

"ముందు నీది ఇవ్వు తాతయ్యా."