విన్న తర్వాతే గీత

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే బయటపడింది. ఆ రోజున ఇక్కడి నర్సులకు దారి చెప్పేవాళ్లు లేరు. ఎంత సీనియర్‌ని అడిగినా ఆమెకూ అంతా కొత్తే.

పీపీఈ కిట్ వేసుకుంటే డ్యూటీ దిగేదాకా గుక్కెడు నీళ్లు తాగడానికి లేదు. అద్దాలకు ఆవిరి పట్టి సూది గుచ్చాల్సిన నరం కనిపించదు. ముఖాలు తెలియవు గనక వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు. మైపాడు నుంచో కృష్ణపట్నం నుంచో వచ్చిన రోగికి ఫోను పట్టుకుని ఇంటివాళ్లను చూపించేదీ వాళ్లే. కొందరికి అదే కడసారి చూపు. కిట్ విప్పినంత మాత్రాన ఆ బరువు దిగిపోతుందా?

మార్చి 22న వాళ్ల కోసం చప్పట్లు కొట్టాం, తర్వాత దేవతలన్నాం. మంచిదే. కానీ దేవత అన్నాక ఆమె కన్నీళ్లు చూసే ఓపిక మనకు లేకపోయింది.

ఆ ఓపిక ఎలాంటిదో తెలియాలంటే భగవద్గీత ఎలా మొదలవుతుందో గమనించండి. అర్జునుడి నోరెండిపోతుంది, ఒళ్లు మండుతుంది, గాండీవం చేజారుతుంది, నిలబడలేనంటాడు. మొదటి అధ్యాయమంతటిలో కృష్ణుడు పలికింది ఒక్క మాటే, ఎదుట చేరిన కౌరవుల్ని చూడమని. మందలింపైనా, ఉపదేశమైనా మిత్రుడి గుండెలోది విన్న తర్వాతే. భగవంతుడే ముందు విన్నాడు!

కరోనా రోజుల్లో జపమాల, నమాజు, లలితా సహస్రనామం ఎందరినో నిలబెట్టాయి. అయితే దేవుడి మీద భారం వేశానంటూ పంటి బిగువున మింగేసిన దుఃఖం నిద్రలో పైకి వస్తుంది. బట్టలు మార్చుకునే గదిలో "ఏడ్చెయ్యమ్మా, నేనున్నాగా" అన్న అక్క భుజం కూడా ప్రార్థనలో భాగమే. మనసు మరీ కుంగితే మానసిక వైద్యుణ్ణి కలవడం భక్తికి లోటు కాదు.

మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు. 2020లో కరోనా వల్ల ఆ పండుగకు భక్తులే రాలేకపోయారు. ఆస్పత్రుల్లో మాత్రం గండం గడిచిన నర్సులు కొత్తగా వార్డులోకి వచ్చినవాళ్లకు ధైర్యాన్ని అలాగే చేతికందించారు.

అది వాళ్ల మంచితనానికే వదిలేయకూడదు. డ్యూటీ మారేటప్పుడు కేస్ షీట్లు అప్పగించడానికి సమయం ఇస్తున్నట్టే, నర్సులు తమలో తాము మనసు విప్పి మాట్లాడుకోవడానికి పది నిమిషాలు ప్రతి ఆస్పత్రీ కేటాయించాలి, జీతంలో కోత లేకుండా.