కాలేయం ముందు ఎవరికి?

మా బేరిగై రేషన్ అంగడిలో ముందు వచ్చినవాళ్లకు ముందు బియ్యం ఇస్తారు. వెనక నిలబడినవాళ్లకు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. కాని దానంగా వచ్చిన ఒక్క కాలేయం కోసం పదిమంది ఎదురుచూస్తుంటే ఈ పద్ధతి న్యాయమేనా?

కాదని నేను అనుకుంటున్నాను. కిడ్నీలు చెడిపోతే డయాలసిస్ మీద కొన్నేళ్లు బతకవచ్చు. కాలేయం పనిని అట్లా ఏళ్ల తరబడి చేసే యంత్రం లేదు. మొదట పేరు రాయించుకున్న మనిషి ఇంకో సంవత్సరం ఆగగలడేమో, నిన్న రాయించుకున్న మనిషి వారం కూడా ఆగలేకపోవచ్చు. అందుకే డాక్టర్లు మెల్డ్ అనే లెక్క వాడతారు. రక్తంలో బిలిరుబిన్, క్రియాటినిన్ ఎంతున్నాయో, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసి జబ్బు తీవ్రతను ఒక అంకెలో చెబుతారు. అమెరికాలో 2002 నుంచి రక్తం గ్రూపు కలిసినవాళ్లలో ఈ అంకె ఎక్కువున్నవాళ్లకు ముందు ఇస్తున్నారు. ఆ అంకెకు కులం తెలియదు, డబ్బు తెలియదు.

ఈ మాట మా అవ్వకు చెప్తే, "తాగి చెడగొట్టుకున్నోనికి ఎందుకియ్యాల? తప్పు చేయనోళ్లకు ఇయ్యండి" అనింది. మా ఊళ్లో చాలామంది అట్లే అంటారు. హెల్మెట్ లేకుండా బండి నడిపి పడినవాడికి ఆస్పత్రిలో కట్టు కట్టరా అని నేను అడిగితే, "కట్టు అందరికీ ఉంటుంది, ఇది ఒక్కటే కదా" అనింది. నిజమే. కాని ఒక్కటే ఉన్నప్పుడు మంచివాళ్లు ఎవరని ఎంచడం మొదలుపెడితే, ఎంచేవాడికి నచ్చినవాడే మంచివాడవుతాడు. తాగడం మానాడా అని డాక్టరు తప్పక అడగాలి, ఎందుకంటే మళ్లీ తాగితే కొత్త కాలేయమూ పాడవుతుంది. అది రాబోయే రోజుల గురించిన ప్రశ్న, గడిచినదానికి శిక్ష కాదు.

2008 సెప్టెంబరులో రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయిన హితేంద్రన్ అనే 15 ఏళ్ల అబ్బాయి అవయవాలను, డాక్టర్లయిన అతని తల్లిదండ్రులు చెన్నైలో దానం చేశారు. అప్పటినుంచి మన తమిళనాడులో అవయవదానం గురించి జనానికి బాగా తెలిసింది. ఇట్లాంటి దానంలో ఫలానావాళ్లకే ఇవ్వాలని కుటుంబం కోరకూడదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే ఎంచుకోనప్పుడు, తూకం వేయడానికి మనమెవరం?

ఒక్క మాట మిగిలింది. పట్టికలో పేరుంటేనే ఆ అంకె పనిచేస్తుంది. పేరు రాయించాలంటే అవయవమార్పిడి చేసే పెద్ద ఆస్పత్రికి పోవాలి. తోటల్లో కూలికి పోయే మా ఊరి మనిషి అక్కడిదాకా పోలేకపోతే, ఎంత న్యాయమైన వరుసయినా అతనికి లేనట్లే. వరుసను సరిగా పెట్టడంతోపాటు, అందులో నిలబడే దారి కూడా బీదవాళ్లకు చూపించాలని నా అభిప్రాయం.