నిధి నిక్షేపములు: చదివినవాని బాధ్యత

మా రొళ్ల ప్రాంతమున కోటలకు కొదువ లేదు. కోటలను గూర్చిన కథలకు అంతకంటెను లేదు. మండలములోని రత్నగిరికి పేరులోనే రత్నము కలదు. ఆ దుర్గమునేలిన రంగప్ప నాయకుడే శిరా పట్టణమునకు పునాది వేసెనని చరిత్రకారులు వ్రాసిరి. సమీపముననే నొళంబ పల్లవుల నాటి రాజధాని హేమావతి. ఇట్టిచోట పుట్టిన బాలునకు ఓనమాలకంటె ముందే కొప్పెరల బంగారము కథ చెవిని పడును.

కథతో ఆగినచో చింత లేదు. అమావాస్య రాత్రులందు గడ్డపారలు కొండలెక్కుచున్నవి. నందుల పొట్టలు పగులుచున్నవి, లింగముల క్రింది పీఠములు పెకలింపబడుచున్నవి. 2019 జూలైలో అప్పటి అనంతపురం జిల్లా తనకల్లు మండలము కొర్తికోట శివాలయమున ముగ్గురు హతులైనపుడు మొదట వినవచ్చినది గుప్తనిధుల అనుమానమే.

ఈ వేటగాండ్రకు దారి చూపునవేవి? రాళ్లమీది గురుతులే. రాతిపై సూర్యచంద్రులున్నచో పగలు నీడ పడిన చోట, రాత్రి వెన్నెల పడిన చోట ధనమున్నదందురు. నిజమునకు ఆ సూర్యచంద్రులు దానము ఆచంద్రార్కము నిలువవలెనని చెక్కినవి. గాడిద బొమ్మ దానమును చెరచినవానికి పట్టు అపకీర్తికి గురుతు. గాజులతో పైకెత్తిన చేయి సహగమనము చేసిన ఇల్లాలి స్మారకము. ఆ చేయి చూపు దిక్కునకు అడుగులు కొలుచువారిని నేనెరుగుదును. ఒక స్త్రీ మంటలో కాలిన చోట బంగారము వెదకుటను ఏమనవలెనో నాకు తోచదు.

ఇక నా సంగతి. పన్నెండేండ్ల క్రిందట నా పాత శిష్యుడొకడు తమ ఊరి శివాలయము ముందరి శాసనమును చదివిపెట్టుమని పిలిచెను. వాని వెంట మరి నలుగురు యువకులు. సుద్దపొడి రుద్దగా అక్షరములు తేటపడెను. మఠమునకు భూమిని ధారపోసిన కన్నడ శాసనమది. పండితుడనన్న ఉత్సాహముతో గొంతెత్తి చదివితిని. "నిధి నిక్షేప జల పాషాణ" అను మాటలు వచ్చునప్పటికి వారి ముఖములు మారిపోయెను.

ఆ మాటలు దానశాసనములలో సర్వసాధారణము. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములని అష్టభోగములు ఎనిమిది. భూమిలో ఎప్పుడైన ఏదైన దొరికినచో దానిపై హక్కు దానము పొందినవానిదే అని దాని తాత్పర్యము, దొరకునని కాదు. మన తాతల నాటి క్రయపత్రములలోను ఈ మాటలు కనబడును. వానిని నమ్మినచో ప్రతి పొలమును తవ్వవలసియుండును! ఈ సంగతి వారికి చెప్పితిని గాని బస్సు వేళయినదని రెండు మాటలలో ముగించితిని.

వచ్చిన అమావాస్యకు శాసనపురాయి రెండు ముక్కలై పడియుండెను. దాని చోట నిలువెత్తు గొయ్యి.

శిష్యుని పిలిచి అడిగితిని. వాడు తల వంచుకొనలేదు. "మూడు బోర్లు ఏయించినా అయ్యవారూ, దుమ్ము తప్ప నీళ్లు రాలేదు. అప్పు మిగిలింది. బోరు ఏసేది కూడా బూమిలో అదృష్టం ఎతికేదే గదా? అది తప్పుగాకపోతే ఇది తప్పెట్లయితుంది?" అనెను. చెనక్కాయ పంట వరుసగా పోయిన ఇంటివాడు. ఆ ప్రశ్నకు అప్పుడు నాకు ప్రత్యుత్తరము దొరకలేదు. నేడు చెప్పగలిగినదింతే: బోరు తన చేనులో, పట్టపగలు, పొరుగువాని కన్నుల యెదుట వేయింతురు. రాత్రి పెకలించిన రాయి వాని తాత నాటినది కాదు.

అయినను వానినే తప్పుపట్టి నేను తప్పించుకొనగలనా?

కల్యాణమున బిజ్జలుని కొలువులో ఎవరికిని తెలియని లిపిలోని వ్రాత యొకటి వచ్చి పడగా, బసవన్న దానిని చదివి సింహాసనము క్రింద ధనమున్నదని చెప్పెనని మనలో ఒక కథ కలదు. దానిని చరిత్రగా గ్రహింప బనిలేదు. నేను చూచునది చదివిన తీరు. నిండు కొలువులో, ధనమునకు బాధ్యుడైనవాని యెదుట చదివెను. బంగారము బొక్కసమునకు పోయెను. చదివినవానికి దక్కినది నమ్మకము.

నిధి విద్వాంసుడైన బ్రాహ్మణునకు దొరికినచో అంతయు అతనిదే, ఇతరులు రాజునకు చెప్పి వాటా పెట్టవలెనని యాజ్ఞవల్క్య స్మృతి. 1878 నాటి నిధుల చట్టమునకు ఆ భేదము లేదు. విలువ పది రూపాయలు మించినచో ఎవరైనను కలెక్టరునకు తెలుపవలెను. హక్కుదారెవరును తేలనప్పుడు, వేరు ఒప్పందము లేనిచో, దొరికించుకొన్నవానికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక. దాచినవానికి ఏడాది వరకు చెర. అయితే అది తవ్వుటకు అనుమతి కాదు. రక్షిత కట్టడమును చెరచుట 1958 చట్టము ప్రకారము వేరే నేరము.

ప్రభుత్వములును ఆశకు లోనుగాక పోలేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వేయి టన్నుల బంగారము కనబడెనని పురావస్తు శాఖయే తవ్వి, కుండపెంకుల వంటివి మాత్రము చూచినది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలోను అధికారులే త్రవ్వకము మొదలుపెట్టిరి. ఏలినవారే కలను, పుకారును ఆధారముగా తీసుకొన్నప్పుడు అప్పులపాలైన రైతును ఏమందుము?

ఇప్పుడు సెల్‌ఫోనులో శాసనముల చిత్రములు తెచ్చువారు పెరిగిరి. రాయి ఎచ్చటిదో చెప్పనివారికి నేను చదువను. చెప్పినవారితో పగటిపూట వెళ్లి, ఊరి పెద్దలను పిలిపించి, తాత్పర్యము ముందు చెప్పి, అటుపిమ్మట అక్షరములు చదువుదును. బస్సు పోయిన పోనిమ్మందును.

ఆ శాసనపు పైభాగమును గుడి గోడ కానించి నిలిపితిమి. అడుగు ముక్క నేటికిని దొరకలేదు. దాత పేరు దానిమీదనే యుండెను. ఆనాడు గొంతెత్తి చదివితినే గాని, కాగితముపై వ్రాసికొనలేదు.